మోకాలి అరుగుదలకి బ్రేస్: కొలత తీయించుకోవడం నుంచి రోజూ వాడుకోవడం దాకా

అమ్మకి మొదటి బ్రేస్, అంటే మోకాలికి ఊతంగా కట్టుకునేది, కొన్నది మా వీధి చివర మందుల షాపులో. కౌంటర్ వెనక కుర్రాడు అమ్మని ఎగాదిగా చూసి "ఆంటీకి ఎక్స్‌ఎల్ పడుతుందండీ" అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. టేపు లేదు, కొలత లేదు. మూడో రోజుకి అది మోకాలు వదిలేసి పిక్క మీదకి జారి, సాగిపోయిన మేజోడులా మడతలు పడి కూర్చుంది. "వంట చేసుకోనా, దీన్ని పైకి లాక్కోనా?" అని విసుక్కుని అమ్మ దాన్ని బీరువా మీద పడేసింది. ఆరు నెలల తర్వాత ఫిజియోథెరపిస్టు మాట విని, టేపు పెట్టి కొలిపించి ఇంకొకటి కొన్నాం. దాన్ని ఇప్పటికీ వాడుతోంది. రెండింటికీ ధరలో తేడా ఉంది, కాదనను. కానీ రెండోది నిలబడింది కొలత వల్ల, వేసుకునే పద్ధతి వల్ల. ఆ రెండూ తెలియకపోతే ఎంత ఖరీదైనదైనా బీరువా ఎక్కాల్సిందే.

ముందే ఒక మాట. "గుజ్జు అరిగింది" అని మనం చెప్పుకునే జబ్బుని డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. బ్రేస్ కట్టుకుంటే అరిగిన గుజ్జు తిరిగి రాదు, వంగిన కాలు తిన్నబడిపోదు. వేసుకున్నంతసేపు నొప్పి కాస్త తగ్గుతుంది, మోకాలు పక్కకి తూలుతుందన్న భయం పోతుంది. ఆ వెసులుబాటుతో మనిషి లేచి నడవాలి, వ్యాయామం చేయాలి. బ్రేస్ కట్టుకుని రోజంతా టీవీ ముందు కూర్చుంటే డబ్బు దండగ.

1. ఎక్స్‌రే తీయించండి, అదీ నిలబడి

మోకాలి కీలులో మూడు గదులున్నాయి అనుకోండి. రెండో కాలి వైపు ఉండేది లోపలి గది, అవతలిది బయటి గది, మూడోది చిప్ప వెనక. నడిచేటప్పుడు బరువులో సగానికి పైగా లోపలి గది మీదే పడుతుంది. అందుకే ఎక్కువ మందికి ముందు అక్కడే అరుగుతుంది, కాళ్లు మెల్లగా విల్లులా బయటికి వంగుతాయి. మనవాళ్లు దొడ్డికాళ్లు అంటారే, అది. కొందరికి బయటి గది అరిగి, నడుస్తుంటే మోకాళ్లు రెండూ రాసుకుంటాయి. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు సరిగ్గా ముందు భాగంలోనే పోటు వస్తే చిప్ప వెనక అరుగుదలని అనుమానించాలి.

ఏ గదిలో అరిగిందో తెలియకుండా బ్రేస్ కొనడం, ఏ కన్నుకి చూపు తగ్గిందో తెలియకుండా కళ్లద్దాలు కొన్నట్టే. బల్ల మీద పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు. నిలబడి బరువు మోపినప్పుడు అదే సందు మూసుకుపోతుంది. కాబట్టి "నిలబెట్టి తీయండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. రిపోర్టులో గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని రాస్తారు. అది 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టిన లెక్క, 0 నుంచి 4 దాకా ఉంటుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. బ్రేస్ వరకు వస్తే అంకె కన్నా ఏ వైపు అన్నదే ముఖ్యం.

ఎముకల డాక్టర్‌ని అడగాల్సినవి మూడు. అరుగుదల ఏ వైపు? వంగిన కాలిని చేత్తో పట్టి సరిచేస్తే కొంచెమైనా తిన్నబడుతోందా? ఎముకల్ని కలిపి పట్టే పక్క లిగమెంట్లు బిగుతుగా ఉన్నాయా, వదులయ్యాయా? రెండో ప్రశ్నకి జవాబు "లేదు, బిగుసుకుపోయింది" అయితే బరువు మళ్లించే ఖరీదైన బ్రేస్ పెద్దగా పనిచేయదు. మోకాలు పూర్తిగా చాచలేని స్థితికి వచ్చినవాళ్లకీ అంతే.

కాలి నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లు, కాలిలో గతంలో రక్తం గడ్డకట్టినవాళ్లు, రక్తప్రసరణ తక్కువున్నవాళ్లు, షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా బిగుతు బ్రేస్ వేసుకోకూడదు. మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే అది బ్రేస్ సంగతే కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

2. షాపులో కనిపించే రకాలు

అన్నింటికన్నా చవకైంది సాగే గుడ్డతోనో, నియోప్రీన్ అనే రబ్బరు లాంటి దాంతోనో చేసిన తొడుగు. షాపుల్లో "నీ క్యాప్" అని అడిగితే ఇచ్చేది ఇదే, కొన్ని వందల్లో వస్తుంది. ఇది బరువుని ఎటూ మళ్లించదు. వెచ్చగా, ఒత్తినట్టు పట్టి ఉంచుతుంది, దాంతో కాలు ఎక్కడుందో మెదడుకి బాగా తెలుస్తుంది. అరుగుదల తక్కువగా ఉన్నవాళ్లు చాలామంది దీంతోనే హాయిగా గడిపేస్తారు. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

చిప్ప దగ్గర రంధ్రం, చుట్టూ మెత్తటి వలయం ఉన్నది చిప్ప వెనక నొప్పికి. చిప్ప పక్కకి జరగకుండా పట్టి ఉంచుతుంది.

రెండు పక్కలా లోహపు పట్టీలు, మధ్యలో తలుపు బందులా మడిగే కీళ్లు ఉన్నది ఇంకో రకం. మోకాలు పక్కకి తూలుతున్నవాళ్లకి, నడుస్తుంటే హఠాత్తుగా "వదిలేసినట్టు" అయ్యేవాళ్లకి ఇది ధైర్యం. ధర వేలల్లో ఉంటుంది.

నాలుగోది బరువు మళ్లించేది, అన్‌లోడర్ అంటారు. ఒక్క వైపే అరిగినవాళ్ల కోసం చేసింది. ఇది పనిచేసే తీరు వంగిన వెదురుబద్దని సరిచేసినట్టే. బద్ద రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని, వంపు ఉబ్బిన చోట మోకాలు ఆనించి నొక్కుతాం కదా. అలాగే లోపలి వైపు అరిగిన కాలికి, ఈ బ్రేస్ మోకాలి దగ్గర బయటి నుంచి లోపలికి నెడుతుంది, తొడ దగ్గర, పిక్క దగ్గర లోపలి నుంచి బయటికి ఆపుతుంది. అరిగిన గది మీద భారం కొంత తగ్గుతుంది. బయటి వైపు అరిగితే ఇదంతా తారుమారు. కాబట్టి కుడి కాలికా ఎడమ కాలికా, లోపలి అరుగుదలకా బయటి దానికా అన్నది డబ్బా మీద సరిచూసుకోవాలి. తప్పు వైపుది వేస్తే ఉన్న నొప్పి పెరుగుతుంది.

కాలు మొత్తాన్ని కర్రలా బిగించేసే పొడవాటిది ఒకటి వేలాడదీసి ఉంటుంది. అది ఆపరేషన్ తర్వాత, దెబ్బ తగిలినప్పుడు కాలు కదలకుండా ఉంచేది. అరుగుదలకి కాదు.

ఏ రకమైనా అసలు పనిచేస్తాయా అంటే, డాక్టర్ల సంఘాలే ఒక్క మాట మీద లేవు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల్లో, నొప్పి వల్ల నడక, కీలు నిలకడ బాగా దెబ్బతిన్నవాళ్లకి మోకాలి బ్రేస్‌ని గట్టిగానే సిఫారసు చేసింది. చిప్ప బ్రేస్‌ని మాత్రం షరతులతో ఒప్పుకుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో ఇంకోలా చెప్పింది: అందరికీ మామూలుగా ఇవ్వొద్దు, కీలు నిలకడ లేనప్పుడో బరువు వంకరగా పడుతున్నప్పుడో, అదీ బ్రేస్ లేకుండా వ్యాయామం కుదరనప్పుడే ఇవ్వండి, దానివల్ల కదలిక మెరుగవుతుందనిపిస్తేనే ఇవ్వండి అని. నాకు రెండో మాటే నచ్చింది. మోకాలు నొప్పి అనగానే పిల్లలు ఆన్‌లైన్‌లో వేలు పోసి అన్‌లోడర్ ఆర్డర్ పెట్టేస్తున్న రోజులివి.

3. ఎవరి దగ్గరికి వెళ్లాలి

తొడుగు వరకు అయితే కొలతలు మనమే తీసుకుని ఏ సర్జికల్ షాపులోనైనా కొనుక్కోవచ్చు. బందులున్నది, ముఖ్యంగా అన్‌లోడర్, ఆర్థోటిస్టు చేతుల మీదుగానే తీసుకోవాలి. కృత్రిమ కాళ్లు, బ్రేస్‌లు అమర్చే చదువు చదివినవాళ్లు వీళ్లు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వాళ్ల పేరు నమోదై ఉండాలి. పెద్దాసుపత్రుల్లో ఎముకల విభాగం పక్కనో ఫిజియోథెరపీ విభాగంలోనో ఉంటారు. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికి, కృత్రిమ అవయవాలకి పేరున్నది. రాయలసీమ వాళ్లకి అక్కడికి వెళ్లడం అలవాటే.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి ఒక దారి ఉంది. రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్ర పథకం. 2017 ఏప్రిల్ 1న మొదలైంది, మొదలుపెట్టిందీ మన నెల్లూరులోనే. 60 ఏళ్లు దాటి, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి లేదా నెలకి 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి సాయపడే పరికరాలు ఉచితంగా ఇస్తారు. మొదట్లో చేతికర్ర, వాకర్, వినికిడి యంత్రం లాంటివే ఉండేవి, తర్వాత జాబితాలో మోకాలి బ్రేస్ కూడా చేరింది. కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ఈ పరికరాలు చేసి, శిబిరాలు పెట్టి పంచుతుంది. జిల్లాలో శిబిరం ఎప్పుడో వృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోవాలి. అక్కడ ఇచ్చే బ్రేస్ అయినా సరే, కింద చెప్పిన పద్ధతిలో ఒంటికి పట్టిందో లేదో చూసుకునే తీసుకోండి.

కొనేముందు షాపువాళ్లతో తేల్చుకోవాల్సింది ఒక్కటే: సైజు కుదరకపోతే మారుస్తారా? చాలాచోట్ల ఒంటికి తగిలిన వస్తువు వెనక్కి తీసుకోరు. కాబట్టి డబ్బు కట్టకముందే అక్కడే వేసి చూపించమనండి.

4. కొలత

దర్జీ టేపు, బాల్‌పెన్ను, కాగితం చాలు. ఇనుప టేపు వద్దు, అది ఒంపు తిరగదు. ప్యాంటు మీద నుంచీ చీర మీద నుంచీ కొలవొద్దు. నైటీ కొంచెం పైకి జరిపి, లుంగీ మడిచి, చర్మం మీదే కొలవాలి. రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి నిలబడాలి. నిలబడలేకపోతే, లేదా డబ్బా మీద అలా రాసి ఉంటే, కూర్చుని కాలు చాచి కొలుస్తారు.

చిప్పని వేళ్లతో తడిమి, దాని నడిమిన పెన్నుతో చుక్క పెట్టండి. అక్కడి నుంచి తిన్నగా పైకి 15 సెం.మీ. కొలిచి తొడ మీద ఇంకో చుక్క. కిందికి 15 సెం.మీ. కొలిచి పిక్క ముందు మూడో చుక్క. ఈ మూడు చోట్లా చుట్టుకొలత తీయాలి. టేపు చర్మాన్ని తాకాలి కానీ అదిమి నొక్కుకోకూడదు. వెనక వైపు టేపు కిందికి జారి ఏటవాలుగా అవుతుంది, దాన్ని ఎవరో ఒకరు వెనక నుంచి చూసి సరిచేయాలి. అందుకే ఇది ఒక్కరు చేసుకునే పని కాదు. రెండుసార్లు కొలవండి. రెండు అంకెలకీ ఒక సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి.

అమ్మకి పొద్దున కొలిస్తే చిప్ప దగ్గర 39 వచ్చింది. సాయంత్రం వంట, బట్టలు, అన్నీ అయ్యాక 40 దాటింది. అరిగిన మోకాలు సాయంత్రానికి కాస్త నీరు పట్టి ఉబ్బడం మామూలే. కాబట్టి బ్రేస్ ఎక్కువగా ఏ పూట వేసుకుంటారో ఆ పూట కొలవండి. రెండు కాళ్లకీ కావాలంటే రెండూ విడివిడిగా కొలవాలి. కుడి, ఎడమ ఒకేలా ఉంటాయనుకోవద్దు.

ఇక సైజుల గోల. ఒక కంపెనీ ఎల్, ఇంకో కంపెనీ ఎల్ ఒకటి కావు. కొందరు చిప్ప దగ్గరి కొలతని బట్టి, కొందరు తొడ కొలతని బట్టి సైజు ఇస్తారు. చుక్కలు ఎంత దూరాన పెట్టాలన్నది కూడా మారుతుంది. ఏ బ్రేస్ కొంటున్నారో దాని డబ్బా మీదున్న పట్టికే ప్రమాణం. కొలత సరిగ్గా రెండు సైజుల మధ్య పడితే, సాయంత్రం వాపు వచ్చేవాళ్లు పెద్దది తీసుకోవడం నయం అని మాకు ఆర్థోటిస్టు చెప్పారు.

తొడ లావు, మోకాలు సన్నం ఉన్నవాళ్లకి, మన ఇళ్లలో పెద్దవాళ్లలో చాలామంది ఇలాగే ఉంటారు, గొట్టంలా ఉండే తొడుగు ఎంత సరైన సైజైనా పైనుంచి చుట్ట చుట్టుకుని కిందికి దిగుతుంది. అమ్మ మొదటి దానికి జరిగింది సగం ఇదే. ఇలాంటి కాలికి ముందు వైపు పూర్తిగా విప్పుకుని, పట్టీలతో చుట్టుకునే రకం తీసుకోవాలి. వేళ్లు, మణికట్టు కూడా నొప్పులున్నవాళ్లకి ఇదే హాయి. గొట్టం తొడుగుని పాదం నుంచి పైకి లాక్కోవడానికి చేతుల్లో బలం కావాలి మరి.

5. షాపులో పదిహేను నిమిషాలు

వేసుకున్న వెంటనే "బాగుంది" అనేయొద్దు. పది నిమిషాలు అటూఇటూ నడవాలి. కుర్చీలో అయిదుసార్లు కూర్చుని లేవాలి. మెట్లుంటే నాలుగు ఎక్కి దిగాలి. ఈలోపు అది వేలు వెడల్పు కన్నా ఎక్కువ జారితే సైజో రకమో తప్పింది. కూర్చున్నప్పుడు మోకాలి వెనక మడతలో గుడ్డ ముద్దగా చేరి గుచ్చుతోందా చూడండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మూడు దూరితే వదులు, ఒకటే దూరితే బిగుతు. తీశాక చర్మం మీద గులాబీ రంగు గుర్తులుంటాయి, అవి కాసేపటికి పోవాలి. అరగంటైనా పోకుండా ఎర్రగా ఉంటే అక్కడ ఒరుసుకుంటోందని అర్థం.

చెప్పులు ముఖ్యం. ఇంట్లో వాడే చెప్పులో బూట్లో ఏవైతే అవే వేసుకుని వెళ్లండి. మడమ ఎత్తు మారితే బ్రేస్ కూర్చునే తీరు మారుతుంది.

6. వేసుకునే వరుస

తొడుగు సంగతి తేలిక: బొమ్మ లేదా కంపెనీ పేరు ముందుకి వచ్చేలా, రంధ్రం చిప్ప మీద కూర్చునేలా లాక్కుంటే సరి. బందులున్న దాని దగ్గరే అందరూ తప్పు చేస్తారు.

మంచం మీద కూర్చుని వేసుకోవద్దు, పరుపు కుంగుతుంది. గట్టి కుర్చీ అంచున కూర్చుని, పాదం పూర్తిగా నేలకి ఆనించి, మోకాలు ఎల్ ఆకారంలో మడవండి. పట్టీలన్నీ విప్పేయండి. బ్రేస్‌ని కాలికి ఆనించి, బందు నడిమి భాగం చిప్ప నడిమికి ఎదురుగా వచ్చేలా పెట్టండి. కొన్ని రకాల్లో అంతకన్నా ఒక వేలు పైన పెట్టమంటారు, డబ్బాలో వచ్చే కాగితంలో ఉంటుంది. బందు కిందికి దిగితే మోకాలు ఒక చోట మడుగుతుంది, బ్రేస్ ఇంకో చోట మడుగుతుంది. ఆ పేచీలో చర్మం నలుగుతుంది.

మొదట కట్టాల్సింది మోకాలికి సరిగ్గా కింద, పిక్క ఉబ్బుకి పైన వచ్చే పట్టీ. తొడ దగ్గరిది కాదు. పిక్క కిందికి వెళ్లేకొద్దీ ముందు లావెక్కుతుంది కదా, ఆ ఉబ్బు మీద ఈ పట్టీ ఆగితే బ్రేస్ మొత్తం జారకుండా నిలుస్తుంది. మొలతాడు తుంటి మీద ఆగినట్టు. ఆ తర్వాత దాని కిందిది, తర్వాత తొడ మీద మోకాలికి దగ్గరిది, చివరగా అన్నింటికన్నా పైది. ఇప్పుడు లేచి నిలబడి, రెండు అడుగులు వేసి, మళ్లీ కూర్చుని పట్టీలు సరిచేయండి. మొదటిసారి కట్టినప్పుడు కొంచెం వదులు తేలడం మామూలే.

అన్‌లోడర్‌కి అడ్డంగా మెలి తిరిగే పట్టీలో, తిప్పే బిరడాలో అదనంగా ఉంటాయి. నెట్టే పని చేసేవి అవే. మిగతావన్నీ బిగించాక, చాలా రకాల్లో కాలు చాచి, వీటిని చివర్న బిగిస్తారు. ఎంత బిగించాలో ఆర్థోటిస్టు మీ ముందే కట్టి, నడిపించి, నొప్పి తగ్గిన చోట ఆపి చూపించాలి. మొదటి వారం తక్కువతో మొదలుపెట్టాలి. "గట్టిగా బిగిస్తే త్వరగా తగ్గుతుంది" అనుకుంటే పిక్క వాస్తుంది.

ఆ రోజు ఆర్థోటిస్టు కట్టిన పట్టీలు ఎక్కడ ఆగాయో ఇంటికి రాగానే చెల్లి ఎర్రటి గోళ్ల రంగుతో ఒక్కో పట్టీ మీద గీత పెట్టింది. అమ్మ కళ్లద్దాలు లేకుండా కూడా గీత దాకా లాగి అతికిస్తుంది, అంతే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ చేసి అడగాల్సిన పని తప్పింది.

7. మొదటి రెండు వారాలు

కొత్త చెప్పుల్లాగే దీనికీ ఒళ్లు అలవాటు పడాలి. మొదటి రోజు ఒకటి రెండు గంటలు చాలు. తీశాక చర్మం చూసుకోవాలి. ఎర్రదనం లేకపోతే రోజుకో గంట పెంచుకోండి. నడక, మార్కెట్టు, వంట, మెట్లు, ఇలా మోకాలి మీద పని పడే వేళల్లో వేసుకోవాలి. పడుకునేటప్పుడు తీసేయాలి. పగలు కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తే పట్టీలు వదులు చేయాలి. రెండు మూడు వారాలు నిజాయితీగా వాడినా నొప్పిలో తేడా కనిపించకపోతే, బీరువా మీద పడేయకుండా తీసుకుని మళ్లీ ఆర్థోటిస్టు దగ్గరికి వెళ్లండి. చాలాసార్లు ఒక పట్టీ మార్చడంతో సరిపోతుంది.

8. చీర, బాత్రూమ్, గుడి

ఈ సంగతులు కంపెనీ కాగితంలో ఉండవు. చీర కట్టకముందే, లోపలి లంగా కింద బ్రేస్ వేసుకోవాలి. వెల్క్రో అంచు బయటికి పొడుచుకొస్తే లంగా గుడ్డని పట్టుకుంటుంది, పట్టుచీర అయితే పోగులు లేస్తాయి. పట్టీ చివర పూర్తిగా అతుక్కుందో లేదో వేలితో ఒకసారి రుద్ది చూడండి. చుడీదార్లలో కాలి దగ్గర వదులుగా ఉండేవి, పటియాలాలు సుఖం. లెగ్గింగ్ వేసి దాని మీద బ్రేస్ కడితే జారుతుంది. మగవాళ్లకి పంచె, లుంగీ అయితే చింతే లేదు. ప్యాంటు ఒక సైజు వదులుది కుట్టించుకోవాలి.

కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం బ్రేస్‌తో కుదరవు, కుదర్చకూడదు కూడా. ఆ భంగిమల్లో మోకాలి మీద ఒత్తిడి విపరీతం, వెనక మడతలో బ్రేస్ కోసుకుంటుంది. ఇంట్లో నేల మీది మరుగుదొడ్డే ఉంటే, బ్రేస్‌కి డబ్బు పెట్టేముందు కమోడ్ కుర్చీ కొనండి. మోకాలికి దానివల్ల కలిగే మేలు ఏ బ్రేస్ చేయదు. కూరగాయలు తరగడం, పువ్వులు కట్టడం, పూజ, అన్నీ ఎత్తు పీట మీదకో కుర్చీలోకో మారాలి. అమ్మ ఒప్పుకోవడానికి అన్నింటికన్నా ఎక్కువ టైమ్ పట్టింది కత్తిపీట వదలడానికే.

నాట్లు, కలుపు లాంటి పొలం పనికి లోహపు బందులున్న బ్రేస్ వద్దు. బురద బందుల్లోకి వెళ్తే అది మడవదు, తడి గుడ్డ కింద చర్మం పుండవుతుంది.

బ్రేస్ వచ్చింది కదా అని అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకునేవాళ్లున్నారు. 3,550 మెట్లు అవి. శ్రీవారి మెట్టు దారిలో అయినా 2,388. అరిగిన మోకాలికి బ్రేస్ అంత దూరం హామీ ఇవ్వదు. ఇంట్లో మెట్లకి మాత్రం ఒక సూత్రం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, చెయ్యి కమ్మీ మీద.

పిల్లల దగ్గరికి అమెరికా విమానం ఎక్కే అమ్మానాన్నలు: తనిఖీ దగ్గర లోహపు బందులు మోగుతాయి, ముందే చెప్పండి. విమానంలో పట్టీలు వదులు చేసి గంటకోసారి లేచి నడవండి.

9. ఎండాకాలం, ఉతుకు

మన మే నెలలో నియోప్రీన్ అంటే మోకాలికి దుప్పటి కప్పినట్టే. చెమటకాయలు, దురద వస్తాయి. లోపల పల్చటి నూలు మేజోడు గొట్టం వేసుకోండి, కానీ అది ముడతలు పడకూడదు. కొందరికి నియోప్రీన్ పడదు, తాకిన మేరా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అలాంటప్పుడు గాలి ఆడే అల్లిక గుడ్డతో చేసింది మార్చుకోవాలి. బ్రేస్ వేసుకునేముందు కొబ్బరి నూనె, పౌడరు, క్రీము రాయొద్దు, జారుతుంది. నొప్పి బామ్ రాసి వెంటనే దాని మీద బ్రేస్ బిగించడం ఇంకా ప్రమాదం. మూసిన చోట మందు మంటెక్కి చర్మం కాలినట్టు అవుతుంది.

లోపలి మెత్తలు వారానికి ఒకటి రెండుసార్లు చన్నీళ్లలో తేలికపాటి సబ్బుతో చేత్తో ఉతకాలి. ఉతికేముందు వెల్క్రో పట్టీలు మూసేయాలి. వాషింగ్ మెషీన్, బ్లీచింగ్, ఇస్త్రీ వద్దు. పిండకుండా తువ్వాలులో ఒత్తి నీడలో ఆరేయాలి. వెల్క్రోలో చిక్కిన దారాలు, వెంట్రుకలు పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే వస్తాయి. బందు కిర్రుమంటోందని నూనె చుక్క వేయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. తడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

10. బ్రేస్‌తోపాటు

తొడ ముందు కండరం గట్టిపడకపోతే బ్రేస్ ఒంటరిగా ఏం చేస్తుంది? పొద్దునే లేవకముందు మంచం మీదే: మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. కాలికి పదేసి సార్లు. తర్వాత కాలు తిన్నగా ఒక జానెడు ఎత్తి దించడం. మిగతావి ఫిజియోథెరపిస్టు మీ కాలిని చూసి చెప్తారు.

బరువు సంగతి ఎవరికీ వినబుద్ధి కాదు, అయినా చెప్పాలి. మోకాళ్ల అరుగుదల, అధిక బరువు రెండూ ఉన్న పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది.

చేతికర్రకి సిగ్గుపడొద్దు. నొప్పి ఏ కాలికో దానికి అవతలి చేత్తో పట్టుకోవాలి. నొప్పి వైపే పట్టుకునేవాళ్లని రోజూ చూస్తుంటాను. చెప్పులు వేసుకుని నిలబడి చెయ్యి వేలాడేస్తే, మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి.

11. వెంటనే విప్పాల్సిన సందర్భాలు

పాదం పైభాగం తిమ్మిరెక్కినా, బొటనవేలు పైకి ఎత్తలేకపోయినా, నడుస్తుంటే పాదం నేలకి ఈడ్చుకుపోతున్నా బ్రేస్ విప్పేయండి. మోకాలికి కొంచెం కింద, బయటి వైపు వేలికి తగిలే ఎముక బొడిపె ఉంటుంది. దాని పక్కనే ఒక నరం చర్మానికి దగ్గరగా వెళ్తుంది. పట్టీ దాన్ని నొక్కితే ఇలా అవుతుంది. విప్పాక కాసేపటికి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి.

పాదం చల్లబడినా, వేళ్లు నీలంగా మారినా విప్పండి. ఒక్క పిక్కే గట్టిగా వాచి, ముట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మర్దనా చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. దాంతోపాటు ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే 108కి ఫోన్ చేయండి. షుగరున్నవాళ్లు బ్రేస్ తీసిన ప్రతిసారీ ఇంకొకరి చేత మోకాలి వెనక, పిక్క వెనక చూపించుకోవాలి. వాళ్లకి పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు.

12. ఎప్పుడు మార్చాలి

వెల్క్రో అతికినా ఊడుతుంటే, తొడుగు సాగి మొదటిరోజు పట్టు పోతే, బందు ఒక వైపుకి ఊగుతుంటే దాని పని అయిపోయినట్టే. చాలా అన్‌లోడర్లకి పట్టీలు, మెత్తలు విడిగా దొరుకుతాయి, మొత్తం కొనక్కర్లేదు. సంవత్సరానికోసారి, లేదా బరువు మూడు నాలుగు కిలోలు మారినప్పుడు, మళ్లీ కొలతలు తీయించుకోవాలి. అమ్మ బ్రేస్ తొడ పట్టీ ఈ మధ్య గోళ్ల రంగు గీత దాటి ఒక వేలెడు ముందుకి వచ్చింది. "సాగిపోయిందేమో" అంది. టేపు పెట్టి చూస్తే తొడ 2 సెం.మీ. తగ్గింది. చెల్లి పాత గీత పక్కనే కొత్త గీత పెట్టింది.